కోడిపోరు, లీగు పోటీ: ఓడినవాడి తిరుగుదారి



ఐరోపా దేశాలలో ఫుట్‌బాల్ లీగు పోటీలు ఆరంభమయ్యే రోజులలో రెండు రకాల వార్తలు జంటగా కనిపించడం కద్దు. తొలి ఆటలలో ఎవరు గెలిచారన్నది ఒకటి, ప్రేక్షకుల వరుసలలో ఎవరు ఎవరిని కొట్టారన్నది మరొకటి. రెండవ వార్త చదివిన పెద్దలు "ఆటల పిచ్చి ముదిరితే అంతే" అని పెదవి విరుస్తారు. ఆ మాట నాకు సమ్మతం కాదు. ఆటలోంచి పుట్టిన తగవులు చరిత్రలో బహు స్వల్పం. బయట పుట్టిన తగవు, తీరే చోటు దొరకక, ఆట దగ్గరికి వచ్చి కూర్చుంటుంది. నేను గురజాల వాణ్ణి. ఈ మాట చెప్పడానికి మా ఊరికి ఉన్నంత అర్హత మరే ఊరికీ లేదనుకుంటాను. ఒక పందెం నాటి గెలుపోటములను ఇన్ని శతాబ్దాలుగా మరువని సీమ మాది.

కథ మీకు తెలిసినదే అయినా, ఆట కోణంలోంచి మరొక్కసారి చూద్దాం. పన్నెండవ శతాబ్ది చివరి పాదం. హైహయ వంశపు నలగామరాజు గురజాల రాజధానిగా పల్నాటిని ఏలుతున్నాడు. సవతి తమ్ముడు మలిదేవుడు. అన్న పక్షాన నాయకురాలు నాగమ్మ, తమ్ముని పక్షాన బ్రహ్మనాయుడు. రాజ్యం రెండు ముక్కలై, మాచర్ల మలిదేవుని పాలికి వచ్చింది. అయినా పోరు తీరలేదు. దాయభాగపు తగవు ఒకటి. దానికి తోడు ఆచారపు తగవు మరొకటి. కులభేదం పాటించక అందరినీ ఒక్క బంతిని కూర్చోబెట్టిన బ్రహ్మనాయుని చాపకూడు కొందరికి ధర్మంగానూ, కొందరికి అధర్మంగానూ తోచింది. ఈ రెండు తగవులనూ తీర్చగల సభ లేకపోయింది. అప్పుడు వచ్చింది కోడిపోరు. ఓడిన పక్షం రాజ్యం విడిచి ఏడేండ్లు వలస పోవాలన్నది పందెం. మాచర్ల పుంజు ఓడింది.

ఇక్కడ ఒక్క క్షణం ఆగుదాం. కోడిపందెం చూసిన వారికి బరి అంటే ఏమిటో తెలుసు. గిరి లోపల ఉండేవి రెండు పుంజులు. డేగయినా, కాకయినా, నెమలయినా వాటికి తెలిసింది ఎదుటి పుంజు ఒక్కటే. దాయభాగం వాటికి తెలియదు, చాపకూడు తెలియదు. గిరి చుట్టూ మూగిన జనం చేతుల్లో పైపందేలు ఉంటాయి. పైపందెం పుంజు మీద కాసినట్టు కనిపిస్తుంది గాని, నిజానికి కాసేది మన ఊరి మీద, మన వర్గం మీద, మన మాట మీద. పుంజు ఓడితే పోయేది పుంజు ప్రాణమే అయినా, తల వంగేది కాసినవాడిది. పల్నాటి కోడిపోరులో ఈ పైపందెం ఒక రాజ్యమంత అయింది. రెండు నిమిషాలలో ముగిసిపోయే కోళ్ళ పోరు ఏడేండ్ల రాజ్యాన్ని నిర్ణయించింది. ఏ ఆటా అంత బరువును మోయలేదు.

ఆ కోడిపోరు మనకు తెలిసింది కథాగానం వల్లనే. శ్రీనాథుని పేర ప్రసిద్ధమైన పల్నాటి వీరచరిత్రను అక్కిరాజు ఉమాకాంతంగారు 1911లో పరిష్కరించి అచ్చు వేయించేనాటికే, వీరవిద్యావంతులు ఆ కథను తరతరాలుగా పాడుతూ ఉన్నారు. 1974లో ఆలిసెట్టి గాలెయ్య పాడగా విన్న కథను ఆధారం చేసుకొని అమెరికా పండితుడు జీన్ రోగేర్ 1982లో ఇంగ్లీషులో గ్రంథం వెలువరించాడు. ఆ గాయకులు మాచర్ల పక్షపు వీరులను కొలిచేవారు. కనుక ఆనాటి గెలుపులో నాగమ్మ కపటం ఉన్నదని వారి పాట చెబుతుంది. ఓడిన జట్టు అభిమానులు వ్రాసిన చరిత్రలో రిఫరీ ఎప్పుడూ అమ్ముడుపోయినవాడే కదా! గెలిచిన గురజాల పక్షానికి పాట లేకపోయింది. నేను గురజాల వాణ్ణి గనుక నాగమ్మను వెనకేసుకొస్తున్నానని అనుకోవద్దు. ఆమె తప్పు ఎక్కడ ఉన్నదో ఇప్పుడే చెబుతాను. అది కోడిపోరులో మాత్రం కాదు.

బ్రహ్మనాయుడు ఓటమిని ఒప్పుకున్నాడు. కపటం జరిగిందని నమ్మినా ఒప్పుకున్నాడు. మలిదేవాదులను, బంధువులను, పశువుల మందలను వెంటబెట్టుకొని వలస వెళ్ళాడు. మండాదిలో కొంతకాలం, మేడపిలో కొంతకాలం ఆ జనం తలదాచుకున్నారు. మండాదిలో ఉండగా మందల మీద దాడి జరిగినా మాట తప్పి వెనుదిరగలేదు. ఏడేండ్లు గడిచాయి. మా రాజ్యభాగం మాకిమ్మని అడగడానికి అలరాజును రాయబారిగా గురజాలకు పంపారు. ఆ అలరాజు ఎవరో కాదు, నలగామరాజుకు స్వయానా అల్లుడు. రాయబారం ఫలించలేదు సరికదా, తిరుగుదారిలో చర్లగుడిపాడు దగ్గర అతన్ని విషం పెట్టి చంపించారు. భార్య పేరిందేవి సహగమనం చేసింది. ఆ తరువాతనే కారెంపూడి, నాగులేటి ఒడ్డు, బాలచంద్రుడు, కన్నమదాసు, ఆ మహా సంహారం. యుద్ధం 1182లో జరిగిందని సాధారణంగా చెబుతారు.

మన పిల్లల పాఠాలలో బాలచంద్రుని శౌర్యం ఉంటుంది, మాంచాల ఉంటుంది. ఏడేండ్లు ఓపిక పట్టిన ఆ వలస జనం సంగతి ఒక్క వాక్యంలో తేలిపోతుంది. నాకు మాత్రం ఆ ఒక్క వాక్యమే కథకు మూలకందమనిపిస్తుంది. యుద్ధం కోడి ఓడినందుకు రాలేదు. ఓడినవాడు గడువు తీర్చుకొని తిరిగి వస్తే గెలిచినవాడు తలుపు తీయనందుకు వచ్చింది. భారతంలోనూ ఇంతే. జూదంలో ఓడిన పాండవులు పదమూడేండ్లు పూర్తి చేసిన తరువాతనే కదా కురుక్షేత్రం! మన కథను పల్నాటి భారతమని ఊరికే అనలేదు. ఉన్న భేదమల్లా, అక్కడ రాయబారి క్షేమంగా తిరిగి వెళ్ళాడు, ఇక్కడ వెళ్ళలేదు.

ఇప్పుడు ఐర్లండుకు పోదాం. అంత దూరం ఎందుకంటే, ఇదే కథ అక్కడ ఫుట్‌బాల్ రూపంలో నడిచింది. పైగా అక్కడ దానికి రెండు ముగింపులు ఉన్నాయి.

ఆ దీవి 1921లో రెండుగా చీలింది. ఉత్తరాన ఉన్న బెల్‌ఫాస్ట్ నగరంలో లిన్‌ఫీల్డ్ జట్టుకు ప్రొటెస్టెంట్లు, బెల్‌ఫాస్ట్ సెల్టిక్ జట్టుకు కేథలిక్కులు అభిమానులు. దేశం ఎవరిదన్న తగవు తేలక, శనివారం శనివారం ఆటస్థలానికి వచ్చేది. 1948 డిసెంబరు 27న లిన్‌ఫీల్డ్ సొంత మైదానం విండ్సర్ పార్కులో ఈ రెండు జట్లూ తలపడ్డాయి. సెల్టిక్ ఆటగాడు జిమ్మీ జోన్స్‌తో ఢీకొని లిన్‌ఫీల్డ్ ఆటగాడొకడి కాలు విరిగింది. విరామంలో ఆ సంగతిని లౌడుస్పీకరులో ప్రకటించారు. ఆ ప్రకటన అగ్గి మీద గుగ్గిలమయింది. ఆట 1-1తో సమంగా ముగిసిన వెంటనే జనం మైదానంలోకి దూకారు. జోన్స్‌ను పట్టుకొని కొట్టి కాలు విరగ్గొట్టారు. అతనికి అప్పుడు ఇరవై ఏండ్లు. ఇందులో విడ్డూరం ఏమంటే, కేథలిక్కుల జట్టులో ఆడుతున్న ఆ కుర్రవాడు ప్రొటెస్టెంటే! తమ మతం వాణ్ణి తమ మతం కోసమే కొట్టుకున్నారన్నమాట. బరిలోని పుంజుకు పైపందెం సంగతి తెలియదని ఇందాక అన్నది ఇందుకే.

పద్నాలుగు మార్లు లీగు గెలిచిన బెల్‌ఫాస్ట్ సెల్టిక్ ఆ ఏటి పోటీలు ముగియగానే 1949లో లీగునుంచి తప్పుకుంది. మళ్ళీ రాలేదు. ఇది గడువు లేని వలస. ఒక జట్టు వెళ్ళిపోతే రెండవ జట్టు గెలిచినట్టా? పందెగాడు లేని బరిలో పుంజును ఎగరేసి ఏం లాభం?

రెండవ కథ డెర్రీ నగరానిది. 1970 ప్రాంతాల ఉత్తర ఐర్లండు అల్లర్లతో అట్టుడికిపోతున్నది. 1971 సెప్టెంబరులో డెర్రీ సిటీ మైదానం బ్రాండీవెల్‌కు ఆడవచ్చిన బాలిమీనా జట్టు బస్సును అల్లరిమూక లాక్కొని తగులబెట్టింది. అక్కడ ఆటలు సాగవని భద్రతా దళాలు నిర్ణయించాయి. దానితో డెర్రీ జట్టు తన సొంత ఆటలను కూడా దూరాన ఉన్న కోల్‌రైన్‌లో ఆడుకోవలసి వచ్చింది. కొంతకాలానికి భద్రతా దళాలు అడ్డు తొలగించాయి. ఇక ఇంటికి రావచ్చు. కాని లీగులోని తోటి క్లబ్బులు ఓటు వేసి, ఒకే ఒక్క ఓటు తేడాతో కాదన్నాయి. 1972లో డెర్రీ లీగును విడిచిపెట్టింది.

గడువు తీరింది, తలుపు తెరుచుకోలేదు. ఇంతవరకు ఇది మన పల్నాటి కథే. తరువాతి అడుగు వేరు. డెర్రీ వారు కారెంపూడికి పోలేదు. పెద్ద లీగు లేకుండానే కాలం గడిపి, 1985లో సరిహద్దుకు దక్షిణాన ఉన్న ఐర్లండు లీగులో చేరారు. లెక్క చూడండి, సరిగ్గా పదమూడేండ్లు! 1989లో ఆ జట్టు ఒకే ఏట లీగునూ, అక్కడి రెండు కప్పులనూ గెలుచుకుంది. అల్లర్ల నడిబొడ్డున ఉన్న ఒక ఊరు ఓపికతో సాధించిన విజయమిది. దీనికి పాటలు కట్టినవారున్నారో లేదో గాని, కట్టదగినది.

దక్షిణాన అంతా చల్లగా ఉన్నదనడానికి లేదు. 1995 ఫిబ్రవరి 15న డబ్లిన్‌లోని లాన్స్‌డౌన్ రోడ్డు మైదానంలో ఐర్లండు, ఇంగ్లండు జట్లు స్నేహపూర్వకమైన ఆటకు దిగాయి. 22వ నిమిషంలో డేవిడ్ కెల్లీ ఐర్లండుకు గోలు చేశాడు. మరి అయిదు నిమిషాలకల్లా పై వరుసలలోని ఇంగ్లండు అభిమానులు కొందరు కుర్చీలు విరిచి కింది వారి మీదికి విసరసాగారు. 27వ నిమిషంలో ఆట నిలిచిపోయింది, మరల సాగలేదు. ఆ గుంపులో తీవ్ర జాతివాదులు ఉన్నారని తరువాత తేలింది. అప్పటికి ఆరు నెలల క్రితమే, 1994 ఆగస్టు చివర, ఐరిష్ రిపబ్లికన్ సైన్యం కాల్పుల విరమణ ప్రకటించి ఉన్నది. శాంతి మాటలు వినలేనివారు ఆట నెపాన వచ్చారు. ఆనాడు ఐర్లండు జట్టుకు శిక్షకుడు జాక్ చార్ల్‌టన్. ఆయన ఇంగ్లండు వాడు, 1966లో ఇంగ్లండుకు ప్రపంచ కప్పు గెలిచిపెట్టిన జట్టులో ఆడినవాడు. గిరి లోపల దేశాలు అలా కలిసిపోయి ఉంటే, గిరి బయట విరిగిన కుర్చీలు గాలిలో ఎగిరాయి.

మన తెలుగు నేలకు ఇటువంటి అనుభవం లేదా అంటే, ఉన్నది. అయితే అందులో దెబ్బ తిన్నవారు మనవారు. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. వృత్తిరీత్యా బడిపంతులు. హైదరాబాదు నగర పోలీసు జట్టును తీర్చిదిద్దిన గురువు ఆయనే. ఆ జట్టు 1950 మొదలు 1954 వరకు వరుసగా అయిదేండ్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1951 ఆసియా క్రీడలలో భారత జట్టు స్వర్ణం గెలిచినా, 1956 మెల్బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం సాధించినా దాని వెనుక ఉన్నది ఆయనే. పంతులుద్యోగం చేసినవాణ్ణి గనుక ఈ మాట వ్రాస్తూ ఉంటే నాకు కొంచెం గర్వంగా ఉన్నదని దాచుకోను.

1962లో ఆసియా క్రీడలు జకార్తాలో జరిగాయి. ఇజ్రాయెల్, తైవాన్ క్రీడాకారులను ఇండోనేషియా ప్రభుత్వం రానివ్వలేదు. అటువంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని పిలవవచ్చునా అని భారత క్రీడాధికారి జి. డి. సోంధీ ప్రశ్నించారు. న్యాయమైన ప్రశ్నే. కాని ఆ దేశపు జనానికి అది అవమానంగా వినిపించింది. సెప్టెంబరు 3న నిరసనకారులు జకార్తాలోని భారత రాయబార కార్యాలయం మీద పడ్డారు. మరునాడే ఫుట్‌బాల్ తుదిపోరు, భారతదేశానికీ దక్షిణ కొరియాకూ. కిక్కిరిసిన స్టేడియంలో వేలకు వేలమంది మన జట్టును హేళన చేస్తూ అరుస్తూనే ఉన్నారు. సోంధీ అన్న మాటకూ, బంతి తన్నడానికి వచ్చిన కుర్రవాళ్ళకూ ఏమి సంబంధం? మనకోసం చప్పట్లు కొట్టిన కొద్దిమందిలో పాకిస్తాను హాకీ జట్టు ఉన్నదట. ముందురోజే హాకీ తుదిపోరులో మనల్ని ఓడించినవారు వారే.

ఆ జట్టు తన లీగు దశ తొలి ఆటలో ఇదే కొరియా చేతిలో 0-2తో ఓడిపోయింది. అది కోడిపోరు అయితే కథ అక్కడే ముగిసేది. లీగు కనుక ముగియలేదు. తరువాత థాయిలాండును, జపానును గెలిచారు. సికింద్రాబాదు అమ్ముగూడ బిడ్డ తులసీదాస్ బలరాం ఆ జట్టులోని వాడే. తలకు కుట్లు పడిన జర్నైల్ సింగ్‌ను రహీంగారు వెనుక వరుసనుంచి తీసి ముందు వరుసలో ఆడించారు. తుదిపోరులో పి. కె. బెనర్జీ ఒకటి, జర్నైల్ ఒకటి గోలు చేయగా, 2-1తో భారతదేశం స్వర్ణం గెలిచింది. వ్యాధిగ్రస్తుడై ఉండి కూడా జట్టును నడిపిన రహీంగారు మరుసటి సంవత్సరం 1963 జూన్ 11న కన్ను మూశారు. ఈయన కథను 2024లో హిందీ చలనచిత్రంగా తీసిన తరువాత గాని మన పిల్లలకు ఆ పేరు తెలియలేదు.

నేను చెప్పదలచిన మాటకు ఇప్పుడు చేరుకున్నాను. లీగు అనే పద్ధతిని కనిపెట్టినవాడు క్రీడల కోసం కనిపెట్టి ఉండవచ్చు గాని, అది మనిషి కోపానికి కట్టిన మంచి గట్టు. తొలి ఆటనాడు అందరి లెక్కా సున్నాయే. ఆనాడు ఓడినవాడికి వచ్చే వారం ఉన్నది, ఈ ఏడు పోతే వచ్చే ఏడు ఉన్నది. గెలిచినవాడికీ రేపటి ఆటకు ఎదుటివాడు కావాలి. కోడిపోరులో ఇవేవీ లేవు. ఒక్క పట్టులో సర్వమూ తేలిపోవాలి, ఓడినవాడు కంటికి కనబడకూడదు. జనం ఒక ఫుట్‌బాల్ ఆటను కోడిపోరుగా మార్చుకున్న ప్రతి చోటా కాళ్ళు విరిగాయి, కుర్చీలు విరిగాయి.

మా ప్రాంతపు పాఠశాలల కబడ్డీ పోటీలలో ఒకసారి ఇదే చూశాను. ఊళ్ళ పేర్లు అనవసరం. చెరువు నీటి తగవున్న రెండు ఊళ్ళ జట్లు తుది ఆటకు వచ్చాయి. కూతలో పిల్లవాడు గీత తాకాడా లేదా అన్నది వివాదం. పిల్లలు నడుములకు చేతులు పెట్టుకొని నిలబడి చూస్తూ ఉండగా, వారి తండ్రులు ఒకరి చొక్కాలు ఒకరు పట్టుకున్నారు. ఆనాడు అక్కడ వినిపించిన మాటలలో గీత ప్రస్తావన లేదు, అంతా చెరువు తూము గురించే. మరుసటి ఏడు మా ప్రధానోపాధ్యాయుడొకాయన ఓడితే ఇంటికి అనే పద్ధతి తీసివేసి, ప్రతి జట్టూ ప్రతి జట్టుతోనూ ఆడేలా ఏర్పాటు చేశాడు. తూము తగవు తీరలేదు గాని, ఆ తండ్రులు మాత్రం "పోనీలే, ఎల్లుండి ఆట ఉందిగా" అని ఇళ్ళకు పోయారు. ఆ ఎల్లుండి అన్న మాటలో ఎంత శాంతి ఉన్నదో!

పల్నాడు 2022 ఏప్రిల్ 4న ప్రత్యేక జిల్లా అయింది. రెండేండ్లు తిరిగేసరికి, 2024 మే నెల ఎన్నికల వేళ, మాచర్ల, గురజాల, నరసరావుపేటల పేర్లు కొట్లాటల వార్తలలో దేశమంతా మారుమోగాయి. "పౌరుషాల గడ్డ" అని మనల్ని మనం పొగడుకోవడం మనకు అలవాటు. ఎన్నిక అంటే అయిదేండ్లకు ఒక ఆట ఉన్న లీగు. ఓడినవాడు తిరిగి వస్తాడని గెలిచినవాడికి తెలిసి ఉండాలి, వస్తే తలుపు తీయాలి. దానినీ మనం కోడిపోరుగా మార్చుకుంటే, ఓడిన పక్షం వారు ఊళ్ళు విడిచి పోవలసి వస్తుంది. ఏడేండ్ల వలస కథ ఈ నేల మీద ఒక్కమారు జరిగింది, చాలు. పౌరుషమంటే నాగులేటి ఒడ్డున కత్తి దూయడమే కాదు. ఏడేండ్లు మాట మీద నిలబడడం కూడా పౌరుషమే. రాయబారిని ప్రాణాలతో సాగనంపడం అంతకంటె పెద్ద పౌరుషం. ఆ రెండవది మా గురజాల చేయలేకపోయింది.

ఏటా కార్తీక అమావాస్య మొదలు అయిదు రోజులు కారెంపూడిలో వీరుల ఉత్సవం జరుగుతుంది. రాచగావు, రాయబారం, మందపోరు, కోడిపోరు, కల్లిపాడు అని ఆ దినాలకు పేర్లు. నాలుగవ నాడు కోడిపోరును మళ్ళీ ఆడి చూపుతారు. నాగమ్మ పక్షమూ, బ్రహ్మనాయుని పక్షమూ ఎదురెదురుగా నిలుస్తాయి, పుంజులు పోరాడుతాయి, జనం కేకలు వేస్తారు. మరునాడు మాత్రం ఎవరూ వలస పోరు. కల్లిపాడు ముగించుకొని అందరూ ఎవరి ఊరికి వారు చేరుకుంటారు. వచ్చే ఏడు మళ్ళీ వస్తారు. వీలున్న మిత్రులు ఒకమారు వచ్చి చూడండి. మీ మీ ప్రాంతాలలో ఆటల దగ్గర తగవులు పుట్టిన తీరూ, పెద్దలు వాటిని చల్లార్చిన తీరూ తెలిసినవారు వ్యాఖ్యలలో వ్రాస్తే సంతోషిస్తాను.